డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా: పాత రూట్ 66 వింతలు చూస్తూ ఏడు రోజుల కారు ప్రయాణం

"అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. గ్రాండ్ కాన్యన్‌కి కారులోనే వెళ్దామనుకుంటున్నాం. దారిలో చూడ్డానికి ఏమైనా ఉందా?" ఎండాకాలం సెలవులు దగ్గరపడగానే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. దారిలో చూడ్డానికి చాలా ఉంది. భూమిలో తలకిందులుగా పాతిన కార్లు, నాలుగంతస్తుల "ఆకాశహర్మ్యం", కాంక్రీటు గుడారాల్లో హోటల్ గదులు, రాయిగా మారిన చెట్లు, ఉల్క పడి ఏర్పడిన పెద్ద గొయ్యి. అన్నీ దాదాపు ఒకే దారిలో, ఒకప్పుడు షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా సాగిన పాత రూట్ 66 హైవే వెంట వరసగా వస్తాయి.

చిక్కల్లా వీటిని ఎలా చూడాలన్న దగ్గరే ఉంది. ఇలాంటి చోటు ఒక్కదాని కోసం మూడు గంటలు నడిపి వెళ్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. అదే చోటు రెండు గంటల డ్రైవింగ్ తర్వాత, కాళ్లు చాపుకోవాలనిపించే వేళకు ఎదురైతే ఇంటిల్లిపాదికీ పండగలా ఉంటుంది. ఈ ప్లాన్ మొత్తం దాని మీదే నడుస్తుంది. పిల్లలతో ఒకసారి, మా అమ్మానాన్నలతో ఒకసారి వెళ్లొచ్చాక కుదిరిన వరస ఇది.

## 1. బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి

ఎన్ని రోజులు? వెళ్లడానికి నాలుగు, గ్రాండ్ కాన్యన్ దగ్గర ఒకటి, తిరిగి రావడానికి రెండు, మొత్తం ఏడు రోజులు. అయిదు రోజుల్లో ముగించాలంటే దారిలో ఏదీ చూడలేరు. అంత తక్కువ సెలవు ఉంటే విమానంలో వెళ్లడమే మంచిది.

ఎవరెవరు వస్తున్నారు? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లలు ఉంటే రోజుకు 300 మైళ్లు దాటనివ్వకండి. మొదటి రోజు, చివరి రెండు రోజులు మాత్రం అంతకంటే ఎక్కువ నడపక తప్పదు.

సొంత కారా, అద్దె కారా? అద్దె కారు తీసుకుని ఫీనిక్స్‌లో వదిలేసి విమానంలో తిరిగి రావచ్చు. వేరే ఊళ్లో వదిలితే అదనపు చార్జీ పడుతుంది కాబట్టి బుక్ చేసేటప్పుడు మొత్తం ధర చూడండి. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఫీనిక్స్ రెండున్నర గంటల లోపే.

రోజుకు ఒక పెద్ద చోటు, రెండు చిన్న వింతలు, అంతకు మించి పెట్టుకోవద్దు. నాలుగోది చేర్చిన ప్రతిసారీ ఏదో ఒకటి హడావిడిలో పాడైంది.

## 2. ఏ నెలలో వెళ్లాలి

ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు హాయిగా ఉంటాయి. పిల్లల సెలవుల వల్ల జూన్, జూలైల్లోనే వెళ్లాల్సి వస్తే ఆరుబయట చూసేవన్నీ ఉదయం పదకొండు లోపు, లేదంటే సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకోండి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా న్యూ మెక్సికో, అరిజోనాల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు పడతాయి. అందుకని గొయ్యిల అంచులు, మైదానాలు పొద్దున్నే ముగించండి.

ఫ్లాగ్‌స్టాఫ్ సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. చలికాలంలో మంచు పడి హైవే మూసేసే రోజులుంటాయి. రూట్ 66 పక్కనున్న చిన్న కేఫ్‌లు, దుకాణాలు కూడా కొన్ని చలికాలంలో తెరవరు.

అక్టోబర్ మొదట్లో ఆల్బకర్కీలో గాలి బెలూన్ల పండగ జరుగుతుంది. ఆ తొమ్మిది రోజుల్లో హోటల్ రేట్లు విపరీతంగా పెరుగుతాయి. పండగ చూడాలనుకుంటే నెలల ముందే బుక్ చేసుకోండి, వద్దనుకుంటే ఆ తేదీలు తప్పించండి.

## 3. ముందు ఏది బుక్ చేయాలి

ఈ వరస మారిస్తే తర్వాత తేదీలు ఒకదానికొకటి కలవవు.

1. హోల్‌బ్రూక్‌లోని విగ్‌వామ్ మోటెల్, కాంక్రీటు గుడారాల హోటల్ ఇదే. అక్కడున్నవి 15 గదులే. అది దొరికిన తేదీని మూడో రాత్రిగా పెట్టుకుని మిగతా ప్రయాణం దాని చుట్టూ అల్లుకోండి.
2. టుకమ్‌కారీలోని బ్లూ స్వాలో మోటెల్, తిరుగు ప్రయాణంలో ఆరో రాత్రికి. ఇదీ చిన్నదే.
3. ఫ్లాగ్‌స్టాఫ్ లేదా విలియమ్స్‌లో రెండు రాత్రులు.
4. ఆమరిల్లో, ఆల్బకర్కీల్లో మామూలు హోటళ్లు. ఇవి చివర్లో చేసినా దొరుకుతాయి. వంట చేసుకునేవాళ్లు కిచెన్ ఉన్న గదులు చూసుకోండి.
5. సాంటా ఫే వెళ్లాలనుకుంటే మ్యావ్ వుల్ఫ్ అనే మాయా ఇంటికి టికెట్లు. నిర్ణీత వేళకు లోపలికి పంపుతారు.

నేషనల్ పార్కుల ఫీజు విషయం ఇప్పుడే చూసుకోండి. 2026 జనవరి నుంచి గ్రాండ్ కాన్యన్‌తో పాటు కొన్ని పెద్ద పార్కుల్లో అమెరికాలో నివాసం లేని సందర్శకులకు అదనపు రుసుము పెట్టారు. మీ దగ్గర వార్షిక పాస్ ఉన్నా, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఏది వర్తిస్తుందో పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చదివి, ఇంట్లో ఉండగానే కొనేయండి. గేటు దగ్గర వెనక కార్లన్నీ ఆగి ఉన్నప్పుడు ఆ లెక్కలు వేసుకోవడం అనవసరమైన టెన్షన్.

## 4. కారులో ఉండాల్సినవి

- పాస్‌పోర్టులు, వీసా, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ప్రభుత్వ రికార్డు) ప్రింట్. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అసలు కార్డు. పౌరసత్వం లేని పెద్దలు ఈ పత్రాలను వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది
- అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం, పది రోజులకు సరిపడా మందులు
- మనిషికి రోజుకు రెండు లీటర్ల లెక్కన నీళ్లు
- ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసిన మ్యాపులు. దారిలో సిగ్నల్ పోయే చోట్లున్నాయి
- పాత బట్టలు ఒక జత, పాత బూట్లు, పారేయగల చేతి తొడుగులు. ఎందుకో మొదటి రోజు దగ్గర చెబుతాను
- స్వెట్టర్లు, ఎండాకాలమైనా సరే. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచు కూడా 7,000 అడుగుల ఎత్తే, రాత్రి చలేస్తుంది
- గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీలు. ఈ దారంతా గాలే
- మడత కుర్చీ ఒకటి, పెద్దవాళ్ల కోసం
- చిన్న రైస్ కుక్కర్, ఐస్ బాక్స్‌లో పెరుగు

తిండి విషయంలో ఒక మాట. డాలస్ దాటాక ఆల్బకర్కీ వరకు మన భోజనం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు చపాతీలు, అన్ని రోజులకూ ఊరగాయ. శాకాహారులకు న్యూ మెక్సికోలో బీన్స్ బరీటోలు బాగుంటాయి. బీన్స్‌లో పంది కొవ్వు, చిల్లీ సాస్‌లో మాంసం కలుపుతారేమో అడిగి మరీ ఆర్డర్ ఇవ్వండి.

## 5. గడియారం సంగతి

ఈ ప్రయాణంలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

టెక్సాస్ దాటి న్యూ మెక్సికోలో అడుగుపెట్టగానే గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. అరిజోనాలో వేసవి సమయం మార్పు పాటించరు, అందుకని మార్చి నుంచి నవంబర్ మొదటి వరకు అక్కడ ఇంకో గంట వెనక్కి. అంటే డాలస్‌లో మధ్యాహ్నం మూడైతే హోల్‌బ్రూక్‌లో ఒంటిగంటే.

అరిజోనాలోనే ఉన్న నవహో నేషన్ (నవహో ఆదివాసీల స్వయంపాలిత ప్రాంతం) మాత్రం వేసవి సమయం పాటిస్తుంది. సరిహద్దు దాటాక హైవే కొంతమేర ఆ భూభాగంలో, దాని అంచున సాగుతుంది కాబట్టి ఫోన్ ఒకసారి ఒక టైమ్, ఇంకోసారి ఇంకో టైమ్ చూపించవచ్చు. ఒక చేతి గడియారాన్ని అరిజోనా టైమ్‌కి తిప్పి దాన్నే నమ్మండి.

వెళ్లేటప్పుడు ఈ గంటలు మనకు మిగులుతాయి. తిరిగొచ్చేటప్పుడు అవే పోతాయి. మొదటిసారి తిరుగు ప్రయాణంలో దీన్ని లెక్కలోకి తీసుకోక, పిల్లలు వారం రోజులుగా ఎదురుచూసిన ఒక మ్యూజియం తలుపు మూసేశాక చేరాం.

## 6. మొదటి రోజు: డాలస్ నుంచి ఆమరిల్లో, 360 మైళ్లు

ఉదయం ఏడుకల్లా బయలుదేరండి. దారి యూఎస్ 287.

విచిటా ఫాల్స్, సుమారు 140 మైళ్ల దగ్గర. ఊరి మధ్యలో నాలుగంతస్తుల ఇటుక కట్టడం ఒకటుంది. దాన్ని "ప్రపంచంలోనే అతి చిన్న ఆకాశహర్మ్యం" అంటారు. 1919లో పూర్తయింది, ఎత్తు 40 అడుగులు. కట్టినతను చూపించిన ప్లాన్‌లో 480 అని ఉంటే, డబ్బు పెట్టినవాళ్లు అడుగులనుకున్నారనీ, అక్కడున్నది అంగుళాల గుర్తనీ ఊళ్లో చెప్పే కథ. ఈ కథ కారులోనే చెప్పేసి, ఆ తర్వాత కట్టడం చూపించండి. మా నాన్న దాని ముందు నిలబడి తలెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశారు. ఇరవై నిమిషాలు చాలు. ఇక్కడే గ్యాస్ (పెట్రోల్) కొట్టించుకుని పులిహోర తినేయండి.

ఆ తర్వాత రోడ్డు. 75 మైళ్ల వేగంతో వెళ్తుండగా చిన్న ఊళ్లు వస్తాయి, వేగ పరిమితి ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. బోర్డు కనబడగానే తగ్గించండి. క్రూజ్ కంట్రోల్ వేసి మాటల్లో పడితే టికెట్ ఖాయం.

కాడిలాక్ రాంచ్, సూర్యాస్తమయానికి గంట ముందు. ముందు హోటల్‌లో సామాను దించి, పాత బట్టలు కట్టుకుని వెళ్లండి. ఆమరిల్లోకి పడమర, ఐ-40 హైవేకి దక్షిణం వైపున్న సర్వీస్ రోడ్డు పక్కన పొలంలో పది కాడిలాక్ కార్లు ముక్కు భూమిలోకి, తోక ఆకాశంలోకి పెట్టి వరసగా ఉంటాయి. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం వీటిని పాతింది. ప్రవేశం ఉచితం. ఎవరైనా వచ్చి వాటి మీద రంగు కొట్టొచ్చు.

ఇది బాగా చేయాలంటే:

1. స్ప్రే డబ్బాలను డాలస్ నుంచి ఎండలో మోసుకురావద్దు, వేడికి ప్రమాదం. ఆమరిల్లోలోనే కొనండి. ముదురు రంగు ఒకటి, తెలుపు ఒకటి చాలు.
2. రోడ్డు పక్కన కారు ఆపి, గేటు దాటి పొలంలో కొంత దూరం నడవాలి. వాన పడితే బురద చీలమండల దాకా వస్తుంది. పెద్దవాళ్లకు చెయ్యందించండి, కుర్చీ పట్టుకెళ్లండి.
3. ఏ కారు మీద రంగు ఇంకా తడిగా ఉందో వేలితో తాకి చూడండి. తడి కారుకు పిల్లలు ఆనుకుంటే ఆ బట్టలు ఇక అంతే.
4. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. డబ్బాను నిమిషం పాటు బాగా ఊపండి.
5. ముందు తెలుపు ఒక పూత వేసి, నాలుగైదు నిమిషాలు ఆరనిచ్చి, దాని మీద పేరు రాయండి.
6. తెలుగులో రాసేవాళ్లు అక్షరం కనీసం అడుగు ఎత్తు ఉండేలా చూసుకోండి. చిన్నగా రాస్తే గుడులు, ఒత్తులు కలిసిపోయి మచ్చలా కనిపిస్తుంది. పైకప్పు భాగం చదునుగా ఉంటుంది, అక్కడైతే కుదురుగా వస్తుంది.
7. కార్ల మీద తప్ప కంచె మీద, రోడ్డు మీద, నేల మీద కొట్టొద్దు. ఖాళీ డబ్బాలు మీ వెంటే తీసుకొచ్చేయండి.

అక్కడ బాత్రూములు లేవు, హోటల్‌లోనే పని ముగించుకుని రండి. మా అమ్మ తన పేరు "సరోజిని" అని పెద్దగా రాసి, "పొద్దున్నకి ఇంకెవరో దీని మీద రాసేస్తారు కదా, ఒక ఫోటో తియ్యరా" అంది. కాబట్టి ఫోటో రాసిన వెంటనే తీసేయండి.

బిగ్ టెక్సన్ రెస్టారెంట్. 72 ఔన్సుల, అంటే రెండు కిలోలకు పైగా ఉన్న స్టేక్‌ని గంటలో తినేస్తే ఉచితం అన్న పందెంతో పేరుపొందింది. అది బీఫ్. తినని ఇళ్లవాళ్లు ముందే పెద్దవాళ్లకు చెప్పండి, లోపలికి వెళ్లాక తెలిస్తే ఇబ్బంది పడతారు. తినకపోయినా బయట పెద్ద ఆవు బొమ్మ దగ్గర ఫోటోలు తీసుకోవచ్చు.

## 7. రెండో రోజు: ఆమరిల్లో నుంచి ఆల్బకర్కీ, 290 మైళ్లు

ఏడ్రియన్. ఆమరిల్లో నుంచి 50 మైళ్లు. రూట్ 66కి సరిగ్గా మధ్య బిందువు ఇది. అటు షికాగోకి 1139 మైళ్లు, ఇటు లాస్ ఏంజెలెస్‌కి 1139 మైళ్లు అని బోర్డు ఉంటుంది. పది నిమిషాలు ఆగితే సరిపోతుంది.

టుకమ్‌కారీ. ఈ ఊరి అందమంతా రాత్రి వెలిగే నియాన్ బోర్డుల్లో ఉంది. పగలు ఆగితే సగమే చూసినట్టు. అందుకే తిరుగు ప్రయాణంలో ఇక్కడ రాత్రి పెట్టాను. ఈ రోజు గ్యాస్‌కి మాత్రం ఆగండి.

సాంటా రోజాలో బ్లూ హోల్. ఎడారిలో 81 అడుగుల లోతున్న నీలి గుండం. నీళ్లు ఏడాది పొడవునా దాదాపు 61 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 16 సెల్సియస్ దగ్గరే ఉంటాయి. పిల్లలు దూకుతామంటారు. ఈత బాగా వచ్చినవాళ్లనే, అదీ ముందు కాళ్లు తడిపి చలి చూసుకున్నాకే దిగనివ్వండి. మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని భోజనం చేయొచ్చు.

ఇక్కడి నుంచి రెండు దారులు. పెద్దవాళ్లు అలసిపోతే నేరుగా ఆల్బకర్కీ వెళ్లిపోండి. ఓపిక ఉంటే క్లైన్స్ కార్నర్స్ దగ్గర ఉత్తరానికి తిరిగి సాంటా ఫే వెళ్లి మ్యావ్ వుల్ఫ్ చూడండి. పాత బౌలింగ్ హాలులో కట్టిన మాయా ఇల్లు అది. ఫ్రిజ్ తలుపు తీస్తే ఇంకో లోకంలోకి దారి ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలకు అమృతమే. మెరిసే లైట్లు, చీకటి, ఇరుకు దారులు పెద్దవాళ్లకు సరిపడవు. మేము వెళ్లినప్పుడు అమ్మానాన్నల్ని ఊరి మధ్య ప్లాజాలో బెంచీల దగ్గర కూర్చోబెట్టి, ఒకరం తోడుండి, ఇంకొకరం పిల్లలతో వెళ్లాం. అలా పంచుకోవడమే మంచిది.

## 8. మూడో రోజు: రాతి చెట్లు, కాంక్రీటు గుడారం

మొత్తం ప్రయాణంలో నాకు ఎక్కువ ఇష్టమైన రోజు ఇది. ఉదయం ఏడుకు ఆల్బకర్కీ వదలండి. పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్ ఉత్తర గేటు ఐ-40 ఎగ్జిట్ 311 దగ్గర ఉంటుంది. ఆ గేటుతోనే మొదలుపెట్టండి. ఉత్తరం నుంచి దక్షిణానికి 28 మైళ్ల రోడ్డు పూర్తిచేసి, యూఎస్ 180 మీదుగా హోల్‌బ్రూక్ చేరితే ఒక్క మైలు కూడా వెనక్కి తిరగక్కర్లేదు.

ఆగే వరస:

1. పెయింటెడ్ డెజర్ట్ అంచు. ఎరుపు, గులాబీ, బూడిద చారల గుట్టలు. కారు దిగి పది అడుగులు నడిస్తే కనిపిస్తాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇబ్బంది లేదు.
2. తుప్పు పట్టిన 1932 స్టూడిబేకర్ కారు. పాత రూట్ 66 ఈ పార్కు గుండానే వెళ్లేది. రోడ్డు పోయింది, పక్కన టెలిఫోన్ స్తంభాల వరస మిగిలింది.
3. బ్లూ మేసా. పైనుంచి చూడండి. కిందికి దిగే దారి నిటారుగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో వద్దు.
4. క్రిస్టల్ ఫారెస్ట్. ముప్పావు మైలు చుట్టుదారి. రాయిగా మారిన దుంగలు కాళ్ల పక్కనే పడి ఉంటాయి.
5. జెయింట్ లాగ్స్. దక్షిణ గేటు దగ్గర మ్యూజియం వెనక. అన్నిటికంటే పెద్ద దుంగ మొదలు దాదాపు పది అడుగుల వెడల్పు.

చెట్టు రాయి ఎలా అయిందని పిల్లలు అడుగుతారు. ఇరవై కోట్ల ఏళ్లకు ముందు నదులు మోసుకొచ్చిన చెట్లు బురదలో కూరుకుపోయాయి. గాలి తగలక కుళ్లలేదు. అగ్నిపర్వతాల బూడిద నుంచి కరిగిన సిలికా నీళ్లతో పాటు కలపలోకి ఇంకి, కణం కణం స్ఫటికంగా మారింది. ఇనుము కలిసిన చోట ఎరుపు, పసుపు వచ్చాయి.

చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకూడదు, అది నేరం. పిల్లలకు గేటు దగ్గరే చెప్పండి, దిగిన ప్రతిచోటా మళ్లీ చెప్పండి. కావాలంటే పార్కు బయట దుకాణాల్లో ప్రైవేటు భూముల నుంచి తీసిన ముక్కలు అమ్ముతారు. ఉత్తరం నుంచి వస్తే ఆ దుకాణాలు చివర్లో వస్తాయి, అందుకని మీ దగ్గరున్న ముక్క ఎక్కడిదన్న అనుమానం రాదు.

పార్కు గేట్లు సాయంత్రం మూసేస్తారు. మధ్యాహ్నం రెండు లోపే పార్కులోకి అడుగుపెట్టేలా చూసుకోండి.

విగ్‌వామ్ మోటెల్. 1950 నాటి గుడారం ఆకారపు కాంక్రీటు గదులు, ముందు పాతకాలపు కార్లు. గది చిన్నది, గోడలు లోపలికి వాలి ఉంటాయి. పెద్ద సూట్‌కేసులు డిక్కీలోనే ఉంచి ఒక రాత్రికి కావలసినవి మాత్రం దించుకోండి. అయిదుగురుంటే రెండు గుడారాలు తీసుకోండి.

## 9. నాలుగో రోజు: తక్కువ దూరం, ఎక్కువ ఆటలు

ఈ రోజు వంద మైళ్లే. ఆలస్యంగా లేచినా ఫర్వాలేదు.

జాక్ రాబిట్ ట్రేడింగ్ పోస్ట్, జోసెఫ్ సిటీ దగ్గర. పసుపు బోర్డు మీద నల్ల కుందేలు, "ఇదిగో ఇక్కడే" అని అర్థం వచ్చే మాటలు. పిల్లలు ఎక్కి కూర్చోవడానికి పెద్ద కుందేలు బొమ్మ ఉంది.

విన్‌స్లో. 1972లో ఈగల్స్ బృందం పాడిన "టేక్ ఇట్ ఈజీ" పాటలో ఈ ఊరి మూల మలుపు ప్రస్తావన ఉంది. ఆ ఒక్క వాక్యం కోసం ఊరివాళ్లు మలుపులో చిన్న పార్కు కట్టి, కంచు విగ్రహం, ఎర్ర ట్రక్కు పెట్టారు. పాట కారులో వేసుకుని దిగండి.

మీటియర్ క్రేటర్, ఎగ్జిట్ 233 నుంచి దక్షిణానికి ఆరు మైళ్లు. సుమారు 50,000 ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన బిలం, వెడల్పు సుమారు ముప్పావు మైలు. ఇది ప్రైవేటు ఆస్తి, నేషనల్ పార్క్ పాస్ ఇక్కడ చెల్లదు. గొయ్యి అడుగుకు దిగనివ్వరు. అంచు మీద గాలి బలంగా ఉంటుంది, నిలబడలేని పెద్దవాళ్లు లోపలున్న అద్దాల గదిలోంచే చూడొచ్చు. గాలి ఎక్కువైతే గైడ్‌తో నడిచే టూర్ రద్దు చేస్తారు, అందుకే పొద్దునపూట వెళ్లండి.

## 10. అయిదు, ఆరు, ఏడో రోజులు

గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచు ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి 80 మైళ్లు. తొమ్మిది లోపు చేరితేనే పార్కింగ్ సులువు. కారు ఒకచోట పెట్టేసి ఉచిత షటిల్ బస్సుల్లో తిరగండి. ఎత్తు వల్ల పెద్దవాళ్లకు ఆయాసం రావచ్చు, నెమ్మదిగా నడవనివ్వండి, నీళ్లు తాగిస్తూ ఉండండి.

ఆరో రోజు ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి టుకమ్‌కారీ 500 మైళ్లు, వేసవిలో ఒక గంట పోతుంది. ఆరు గంటలకే బయలుదేరి చీకటి పడేలోపు చేరితే, బ్లూ స్వాలో ముందు కుర్చీలు వేసుకుని నియాన్ దీపాలు వెలగడం చూడొచ్చు. ఏడో రోజు డాలస్‌కి 480 మైళ్లు, ఇంకో గంట పోతుంది.

కాలిఫోర్నియా దాకా వెళ్లేవాళ్లకు: సరిహద్దు దాటాక వ్యవసాయ తనిఖీ కేంద్రంలో కారు ఆపి పండ్లు, మొక్కల గురించి అడుగుతారు. తాజా కరివేపాకు ఐస్ బాక్స్‌లో ఉంచుకోవద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకుల మీద కూడా బతుకుతుంది, అందుకే ఆంక్షలు. దారిలో ఓట్‌మన్ ఊళ్లో వీధుల్లో తిరిగే అడవి గాడిదలకు మేత పెట్టొచ్చు, కానీ పిల్ల గాడిదలకు ఏదీ పెట్టకూడదు. ఆ ఊరికి కొండ మలుపుల రోడ్డు, వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

మ్యాప్‌లో "రూట్ 66" అని కొట్టి వెళ్లడం. పాత రోడ్డు కొన్నిచోట్ల మట్టిదారి, ఇంకొన్నిచోట్ల ముందుకు దారే ఉండదు. చేరాల్సిన చోటి పేరు కొట్టండి, మధ్యలో ఐ-40 వాడండి.

తెరిచి ఉంటుందనుకుని వెళ్లడం. ఇవి చాలావరకు ఒక కుటుంబం నడిపే చిన్న చోట్లు. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేయండి.

ట్యాంకు ఖాళీ అయ్యేదాకా చూడడం. ఆల్బకర్కీ దాటాక సగం కాగానే నింపండి.

ఒక చోటు మూసి ఉందని రోజంతా మూడ్ పాడుచేసుకోవడం. ప్రతి రోజుకు ఒక ప్రత్యామ్నాయం రాసిపెట్టుకోండి. ఆమరిల్లోలో వాన పడితే మర్నాడు పొద్దున కార్ల దగ్గరికి వెళ్లి, సాంటా ఫే వదిలేయండి.

అడగకుండా ఫోటోలు తీయడం. నవహో భూముల్లో నగలు, కుండలు అమ్మేవాళ్లను ముందు అడగండి. వద్దంటే సరేనని నమస్కారం పెట్టి వచ్చేయండి.

## 12. మీరు వేరే చోట ఉంటే

వరస అదే, ఒక పెద్ద చోటు, దానికి వెళ్లే దారిలో రెండు వింతలు.

- న్యూజెర్సీ: అట్లాంటిక్ సిటీ వెళ్లే రోజు మార్గేట్‌లో 1881 నాటి ఆరంతస్తుల ఏనుగు కట్టడం లూసీ. లోపలికి మెట్లెక్కాలి.
- షికాగో, ఇండియానాపొలిస్: సెయింట్ లూయిస్ వెళ్లేటప్పుడు ఇలినాయ్‌లోని కేసీ. పెద్ద పోస్టు డబ్బా, భారీ ఊగే కుర్చీ, గాలిగంటలు, అన్నీ ఉచితం. షికాగోవాళ్లకు కాస్త చుట్టు.
- డెన్వర్: మౌంట్ రష్‌మోర్ దారిలో నెబ్రాస్కాలోని అలయన్స్ దగ్గర కార్‌హెంజ్. బూడిదరంగు వేసిన పాత కార్లతో స్టోన్‌హెంజ్ నమూనా.
- సియాటిల్: వంతెన కింద కారును గుప్పిట్లో పట్టుకున్న ఫ్రీమాంట్ ట్రోల్. ఎక్కడానికి పిల్లలకు సరదా.
- కాన్సస్: కాకర్ సిటీలో 1953లో ఒక రైతు మొదలుపెట్టిన తాడు ఉండ. ఊరివాళ్లు ఇప్పటికీ చుడుతూనే ఉన్నారు. వెళ్లే ముందు కనుక్కుని వెళ్తే తాడు ఇస్తారు, మీ అమ్మానాన్నల చేత, పిల్లల చేత తలా ఒక చుట్టు చుట్టించండి.